పుస్తకం బీరువాలో, కుర్రాడు జైల్లో

సంపాదకుల వారికి నమస్కారం.

ప్లీడర్లకు ఏటా ఇన్ని గంటలని శిక్షణ తప్పనిసరి చేయాలని, సర్టిఫికెట్ చూపించలేనివాళ్ల లైసెన్సు ఆపేయాలని ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు. కేసు ఓడిపోయి, ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా రాసినట్టుంది ఆ ఉత్తరం. ఆయన కోపంలో తప్పు లేదు. ఆయన చెప్పిన మందు మీదే నాకు అనుమానం. ఎందుకో చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. 1993లో నల్లకోటు వేసుకున్నాను. గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబరు 2న కాబట్టి జిల్లాకీ నా ప్రాక్టీసుకీ ఇంచుమించు ఒకటే ఈడు. ఈ సరిహద్దు పొడుగునా రెండు మూడు కోర్టులకు తిరుగుతాను. క్లయింట్లతో తెలుగు, గుమాస్తాతో ఒడియా (మా వైపు గుమాస్తాను మొహరీర్ అంటారు), జడ్జిగారి ముందు ఇంగ్లీషు. చెప్పబోయేది ఏ కోర్టులో జరిగిందో రాయను. కేసు ఇంకా నడుస్తోంది. పైగా తప్పు కోర్టుది కాదు, నాది.

2023 ఆగస్టు 11న ఒక కుర్రాణ్ణి మోటారు సైకిల్ దొంగతనం కేసులో అరెస్టు చేశారు. వాళ్ల ఊరు ఆంధ్రా వైపు. సెంట్రింగ్ పనికి రోజూ బస్సెక్కి ఇటు వచ్చేవాడు. పాత శిక్షాస్మృతి 379, మూడేళ్ల దాకా శిక్ష. అంతకుముందు అతని మీద ఏ కేసూ లేదు. అక్టోబరు 9న బెయిలు తెచ్చాను. ఇద్దరు స్థానిక జామీనుదారులు కావాలని, ఒక్కొక్కరూ 20 వేలకు పూచీ పడాలని, భూమి పట్టా చూపించాలని షరతు. తల్లికి 30 సెంట్ల మెట్ట ఉంది గానీ అది గీతకు అవతల, వేరే రాష్ట్రంలో. ఇటువైపు పట్టా ఉన్నవాడు ముక్కూ మొహం తెలియని కూలివాడికి ఎందుకు జామీను పడతాడు? మేస్త్రీని అడిగాం, అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. బెయిలు ఆర్డరు నా కట్టలో ఉండిపోయింది, కుర్రాడు లోపల ఉండిపోయాడు.

ఆ తల్లి నెలకోసారి వచ్చేది. నా గది గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడే అడిగేది. "బావూ, మా గుంటడు ఎప్పుడొత్తాడు?" నా దగ్గర ఒక లెక్క తయారుగా ఉండేది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 436ఏ ఉంది కదా: విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో సగం లోపల గడిపితే వదలాలి. మూడేళ్లలో సగం ఏడాదిన్నర. ఆగస్టు నుంచి ఏడాదిన్నర అంటే 2025 ఫిబ్రవరి. 2024 దసరాకి వచ్చినప్పుడు ఆమెతో, "సంక్రాంతి వెళ్లాక వచ్చేస్తాడమ్మా, చట్టంలోనే ఉంది" అని చెప్పాను. ఎంత ధైర్యంగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది.

నవంబరు ఆఖర్లో ఒక సాయంత్రం మా జూనియర్ అమ్మాయి ఆ కట్ట సర్దుతూ, "సార్, ఇతనికి 479 ఎందుకు వేయలేదు?" అంది.

"కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479 అంటే పాత 436ఏ. సగం. ఫిబ్రవరికి అవుతుంది."

"మొదటిసారి ముద్దాయికి సగం కాదు సార్. మూడో వంతు."

"అది కొత్త చట్టం. కేసు 2023ది. పాత కేసులకు పాత కోడే నడుస్తుందని 531లో లేదూ?"

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ఫోన్ తీసి సుప్రీంకోర్టు ఆర్డరు ఒకటి నా ముందు పెట్టింది. 2024 ఆగస్టు 23 నాటిది. జైళ్లలో కిక్కిరిసిన ఖైదీల గురించిన కేసులో ఇచ్చారు. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నమోదైన కేసుల్లో ఉన్న విచారణ ఖైదీలకూ 479 వర్తిస్తుందని అందులో స్పష్టంగా ఉంది. మా కుర్రాడికి మూడో వంతు, అంటే ఏడాది, ఆగస్టు రెండో వారంలోనే నిండింది.

అప్పుడు బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం ఒక్కటే ఉండే పుస్తకం) తెరిచి 479ని మొదటిసారి పూర్తిగా చదివాను. "మొదటిసారి" అన్న మాట కావాలనే రాస్తున్నాను. అంతవరకు నేను చదివింది పాత నంబరు పక్కన కొత్త నంబరు వేసిన పట్టిక. ఎవరో వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. పట్టికలో 436ఏ ఎదురుగా 479 అని ఉంది. అంతే. లోపల ఏం మారిందో పట్టిక చెప్పదు కదా. సెక్షన్ చదివితే ఇంకో సంగతి బయటపడింది. సగం శిక్ష గడిపినవాణ్ణి బెయిలు మీద వదలాలని ఉంది. మూడో వంతు గడిపిన మొదటిసారి ముద్దాయి దగ్గరికి వచ్చేసరికి మాట మారింది: బాండ్ మీద వదలాలి. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటా అని రెండో సెక్షన్‌లోని నిర్వచనాలకు వెళ్లాం. జామీనుదారుతో ఇచ్చేది బెయిల్ బాండ్. జామీను లేకుండా ముద్దాయి సొంత పూచీ మీద ఇచ్చేది బాండ్. అంటే ఏ జామీను కోసం మేం ఏడాదిగా మేస్త్రీల చుట్టూ తిరిగామో దాని అవసరమే లేదు.

పిటిషన్ వేశాం. డిసెంబరు 6న కుర్రాడు బయటికొచ్చాడు. తల్లి నాకు దండం పెట్టి, సంచిలోంచి అరటిపళ్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆగస్టు 23 నుంచి డిసెంబరు 6కి 105 రోజులు. ఆమె నాకు పళ్లు తెచ్చింది! ఆ పళ్లు నేను తినలేకపోయాను, జూనియర్లకు ఇచ్చేశాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కొత్త చట్టం, కొత్త తీర్పు, చూడలేదు, పొరపాటైంది అని సర్దుకునేవాణ్ణి. మనసు ఊరుకోక, అసలు ఈ స్థానిక జామీను షరతు గురించి ఎక్కడైనా ఏమైనా ఉందా అని మేం కూర్చునే బార్ అసోసియేషన్ గదిలోని బీరువా తెరిచాను. 1978 నాటి ఆలిండియా రిపోర్టర్, సుప్రీంకోర్టు సంపుటం, 1594వ పేజీ. మోతీరామ్ కేసు. ఆ సంపుటం అట్ట చేత్తో పట్టుకుంటే ఎర్రటి పొడి రాలింది. వెండి పురుగు తిన్న సన్నటి దారులు పేజీల్లోంచి ఇటు నుంచి అటు పోయాయి. సరిగ్గా ఆ తీర్పున్న నాలుగైదు కాగితాలు తేమకు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. అంటే చాలా ఏళ్లుగా వాటిని ఎవరూ విడదీయలేదు. పోస్టుకార్డు అంచుతో మెల్లగా విడదీశాను.

మోతీరామ్ మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ పనివాడు. 10 వేలకు జామీను అడిగారు. తోడబుట్టినవాడు పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమంది. జస్టిస్ కృష్ణయ్యర్ అందులో అడిగిన ప్రశ్న చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఒక మలయాళీనో కన్నడిగుణ్ణో తమిళుణ్ణో తెలుగువాణ్ణో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి వాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు అని. ఈ ప్రశ్న 1978 ఆగస్టులో అడిగారు. అప్పటికి నేను ఏడో క్లాసు. ఆ తర్వాత 2023 జనవరి 31న కూడా, జామీను దొరక్క లోపలే ఉండిపోతున్నవాళ్ల గురించి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడవచ్చని, స్థానిక జామీను పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని అందులో ఉంది. మా కుర్రాడికి బెయిలు వచ్చింది ఆ మార్గదర్శకాలు వచ్చిన ఎనిమిది నెలల తర్వాత. షరతు సడలించమని ఒక్క పేజీ మెమో వేసి ఉంటే సరిపోయేదేమో. 105 రోజులని బాధపడుతున్న నాకు లెక్క 14 నెలలకు పెరిగింది. నేను రోజూ టీ తాగే కుర్చీకీ ఆ బీరువాకీ మధ్య దూరం ఆరడుగులు.

ఇప్పుడు మీ పాఠకుడు అడిగినదానికి వస్తాను. మన దేశంలో ప్లీడరు ఒకసారి ఎన్‌రోల్ అయ్యాక మళ్లీ ఏమీ చదవకపోయినా ఎవరూ అడగరు. అది నిజమే. చేరేటప్పటి సంగతి కూడా వింతే. న్యాయవాదుల చట్టం 1961లో వచ్చినప్పుడు శిక్షణ, పరీక్ష ఉండేవి. 1973 సవరణలో తీసేశారు. మళ్లీ బార్ కౌన్సిల్ శిక్షణ పెడితే ఆ అధికారం మీకు లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2011 మార్చిలో ఆలిండియా బార్ పరీక్ష మొదలైంది. అది చెల్లుతుందని అయిదుగురు జడ్జీల బెంచి తేల్చింది 2023 ఫిబ్రవరి 10న. మా జూనియర్ అమ్మాయి ఆ పరీక్ష రాసి వచ్చింది. నేను ఏ పరీక్షా రాయలేదు. 479 ఆమెకు కనబడి నాకు కనబడకపోవడానికి ఆ పరీక్ష కారణమని నేననుకోను. ఆమెకు చట్టం కొత్త, అందుకని చదివింది. నాకు వచ్చుననుకున్నాను, అందుకని చదవలేదు.

బయటి దేశాల్లో ఎలా ఉందో మా మేనకోడలు చెబితే తెలిసింది. ఆమె కాలిఫోర్నియాలో లాయరు. అక్కడ మూడేళ్లలో 25 గంటల చదువు చూపించాలి. అందులో కనీసం నాలుగు గంటలు వృత్తి నీతి. సగం దాకా, అంటే పన్నెండున్నర గంటలు, ఎవరికి వారు చదువుకున్నది లెక్కలో వేసుకోవచ్చు. వ్యాసం చదివి, కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టి, తర్వాత సరిచూసుకుంటారు. ఎవరి లెక్క వాళ్లే రాసుకుని, పూర్తి చేశామని సంతకం పెడతారు. కొందరిని ఎంచి తనిఖీ చేస్తారు. అందరికీ ఒకేసారి గడువు రాకుండా ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి మూడు గుంపులు చేశారట. (మన తెలుగువాళ్లలో ఇంటిపేరేదో అసలు పేరేదో అమెరికా ఫారాల్లో తారుమారైనవాళ్లు ఏ గుంపులో పడతారో! అడిగితే నవ్వింది.) ఇంగ్లండులో ఇంకో దారి. అక్కడి సొలిసిటర్లకు ఏటా 16 గంటల లెక్క ఉండేది. 2016 నవంబరు 1 నుంచి గంటల లెక్కే ఎత్తేశారు. నీ పనిలో నీకు ఏం తక్కువగా ఉందో నువ్వే చూసుకో, నేర్చుకో, ఆ మాట ఏడాదికోసారి ప్రకటించు అన్నారు.

ఈ రెండూ విన్నాక, మన దగ్గర గంటలు తప్పనిసరి చేస్తే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది. ఎందుకంటే అలాంటి ఒకరోజు సెమినార్‌కు వెళ్లాను. కొత్త క్రిమినల్ చట్టాల మీదే. ఊరూ నిర్వాహకులూ ఎందుకులెండి. తెల్లవారుజామున బయల్దేరి, మారు బస్సు పట్టుకుని వెళ్లాం. దీపం వెలిగించడం, పూలగుచ్ఛాలు, శాలువలు అయ్యేసరికి పదకొండున్నర. వక్త తెర మీదున్న అక్షరాలు చదివారు. పాత నంబరు, కొత్త నంబరు. పాత నంబరు, కొత్త నంబరు. భోజనం బాగుంది, అబద్ధం చెప్పకూడదు. సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. లామినేషన్ కూడా చేయించాను. ఆ సెమినార్ జరిగింది 2024 సెప్టెంబరులో. అప్పటికి సుప్రీంకోర్టు ఆర్డరు వచ్చి మూడు వారాలు. మా కుర్రాడు లోపలే ఉన్నాడు. హాల్లో ఎవరూ దాని ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. మీ పాఠకుడు అడిగే లెక్కలో ఆ రోజుకి నాకు ఆరు గంటలు పడి ఉండేవి.

అలాగని ఎవరి మానాన వాళ్లు చదువుకుంటే చాలు, మమ్మల్ని వదిలేయండి అనడానికి నాకు మొహం లేదు. ముప్పై ఏళ్లుగా నేను చేసింది అదే. "రోజూ చదువుతూనే ఉంటానండీ" అనేవాణ్ణి. చదివేది ఏమిటి? రేపు వాయిదా ఉన్న కేసుకు కావలసిన ముక్క. చేతిలో ఉన్న కేసుకు పనికొచ్చే తీర్పు కోసం వెతకడం వేరు, నాకు తెలిసిందనుకున్నది ఇంకా నిజమేనా అని తిరగేసి చూడటం వేరు. ఈ రెండోది ఎప్పుడూ చేయలేదు.

డిసెంబరు నుంచి ఆదివారం పూట మా వరండాలో నలుగురైదుగురం కూర్చుంటున్నాం. నేను, జూనియర్లు ఇద్దరు, నా ఈడు ప్లీడరు ఒకాయన, మా మొహరీర్. పద్ధతి ఒక్కటే. సిలబస్ లేదు. ఎవరి బీరువాలోంచి వాళ్లు నడుస్తున్న కేసు కట్ట ఒకటి తెస్తారు. దాంట్లోని ప్రతి సెక్షన్నీ పట్టికలో కాకుండా పుస్తకంలో చదువుతాం. ఈ కేసు మొదలయ్యాక చట్టం ఏమైనా మారిందా, పై కోర్టు ఏమైనా చెప్పిందా అని చూస్తాం. మొదటి నెలలోనే 479 కింద వెళ్లాల్సిన ఇంకో మనిషి దొరికాడు. నా కట్ట కాదు, నా స్నేహితుడిది. ఆయన ఆ రోజు టీ ముట్టలేదు.

ఇంతకీ ఆ స్నేహితుడిదీ ఒక కథ ఉంది. పాత కోడ్‌లో ముందస్తు బెయిలు 438, కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లేది 482. కొత్త సంహితలో ముందస్తు బెయిలుకే 482 వచ్చింది. కొట్టివేత 528కి పోయింది. ఆయన కొత్త చట్టం వచ్చిన నెలలో సెషన్స్ కోర్టులో "482 కింద పిటిషన్ వేశాను" అని క్లయింటుకు సరిగ్గానే చెప్పారు. ఆ క్లయింటు కొడుకు హైదరాబాదులో లా చదువుతున్నాడు, పాత పుస్తకంతో. "482 సెషన్స్ కోర్టులో ఎలా వేస్తారండీ, హైకోర్టులో కదా వేయాలి, మా నాన్నని మోసం చేస్తున్నారా" అని ఫోన్‌లో గొడవ. కరెక్టుగా చేసినవాడు కూడా తిట్లు తినే కాలం ఇది.

ఒక ఆదివారం మొత్తం సాక్ష్య చట్టం మీద పోయింది. కిరాణా కొట్టు సీసీ కెమెరా వీడియో ఒక కేసులో సాక్ష్యం. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత చట్టంలోని 65బి సర్టిఫికెట్ తప్పదని మహారాష్ట్ర జాల్నా ఎన్నికల కేసులో 2020 జులై 14న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇప్పుడు అది కొత్త సాక్ష్య అధినియమంలో 63. సర్టిఫికెట్‌కు నమూనా ఇచ్చారు, రెండు భాగాలు: ఒకటి సాక్ష్యం ఇచ్చేవాళ్లు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. రెండింటిలోనూ హ్యాష్ విలువ (ఫైలుకు కంప్యూటర్ లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) రాయాలి. హ్యాష్ అంటే ఏమిటో నా స్నేహితుడికీ నాకూ తెలియదు. జూనియర్ తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాణ్ణి పిలిచాం. వాడు కంప్యూటర్లో "వాయిదా పడింది." అని ఒక్క ముక్క టైపు చేసి, దాని హ్యాష్ తీశాడు. అక్షరాలూ అంకెలూ కలిసి 64 వచ్చాయి, పొడుగ్గా ఒక తోరణం లాగా. తర్వాత చివరి చుక్క తీసేసి మళ్లీ తీశాడు. పాత తోరణానికీ కొత్తదానికీ పోలికే లేదు. మా మొహరీర్ కళ్లజోడు సవరించుకుని, "అంటే వీడియోలో వేలెడంత కత్తిరించినా పట్టుబడిపోతుందన్నమాట" అన్నాడు. సెమినార్‌లో ఈ సెక్షన్‌కు ఇచ్చింది రెండు నిమిషాలు. నేను ఆ రెండు నిమిషాలూ తలూపుతూ కూర్చున్నాను.

మా సరిహద్దు వాళ్లకు ఇంకో తద్దినం ఉంది. రెండు రాష్ట్రాల చట్టాలు తెలియాలి. మా జిల్లాలోని గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ గిరిజనుల భూమికి ఒడిశా 1956 నాటి 2వ రెగ్యులేషన్. గీత దాటితే ఆంధ్రా 1959 రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ, అందరూ 1/70 అని పిలిచేది. ఇక్కడి రెగ్యులేషన్ పేరులోనే గిరిజనులు చేసే బదిలీలు అని ఉంది. అక్కడి 1/70 అయితే ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడాన్ని కూడా ఆపుతుంది. ఆంధ్రా ఏజెన్సీ నుంచి వచ్చినవాడికి ఇక్కడి లెక్క చెప్పి పంపితే వాడి కొంప మునుగుతుంది. ఏ సెమినార్ వాళ్లు రెండు రాష్ట్రాల చట్టాలను పక్కపక్కన పెట్టి చెబుతారు? కటక్‌లో చెప్పేవారికి అది అక్కర్లేదు, అమరావతిలో చెప్పేవారికి ఇది అక్కర్లేదు. గంజాయి కేసులు కూడా అంతే. పట్టుకునేది ఒక రాష్ట్రం, మనిషి ఇంకో రాష్ట్రం. 20 కిలోలు దాటితే బెయిలు ఎంత కష్టమో ఈ కొండల్లో పిల్లలకు కూడా తెలుసు. అధికారి ముందు మాదక ద్రవ్యాల చట్టం 67 కింద ఇచ్చిన స్టేట్‌మెంటు నేరం ఒప్పుకోలుగా చెల్లదని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో తేల్చిన సంగతి మాత్రం ప్లీడర్లలోనే కొందరికి తెలియదు. నాతో సహా అని రాయాల్సిన అవసరం ఈసారి లేదు, అది నాకు తెలుసు.

పాత దస్తావేజులు ఇంకో ప్రపంచం. 1936 ఏప్రిల్ 1కి ముందు మేం మద్రాసు ప్రెసిడెన్సీ. అప్పటి కాగితాలు చాలావరకు తెలుగులో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. తెలుగువాణ్ణయినా నాకే సగం కూడబలుక్కోవాలి, జూనియర్లకు అది చైనా భాష. మా వీధిలో ఎనభై దాటిన దస్తావేజు లేఖరి ఒకాయన ఉన్నారు. నెలకో ఆదివారం ఆయన వచ్చి ఒక పాత కాగితం చదివిస్తారు. తప్పు చదివితే చేతికర్రతో బల్ల మీద కొడతారు. ఆయన గంటలకు ఎవరు సర్టిఫికెట్ ఇస్తారు?

సొంతంగా నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఇక్కడే మాస్టారుగా చేరారు. సవర భాష నేర్పే బడి లేదు, పుస్తకం లేదు. సవరల పక్కన కూర్చుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. చివరికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసే దాకా వెళ్లారు. ఆయన పక్కన కూర్చున్న మనుషుల్ని మరిచిపోవద్దు. ఒక్కడూ గదిలో తలుపేసుకుని నేర్చుకున్నది కాదు అది.

పుస్తకాలు కొనలేం అన్న సాకు ఇప్పుడు చెల్లదు. సుప్రీంకోర్టు తన రిపోర్టులను 2023 జనవరి 2 నుంచి ఈఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా పెట్టింది. ఇండియన్ కానూన్ 2008 నుంచి ఉంది. ఉచితం కాబట్టి ప్రమాదం కూడా ఉంది. ఒక జూనియర్ చాట్‌బాట్‌ను అడిగి ఒక తీర్పు తెచ్చాడు. పేరు, ఏడాది, పేజీ అన్నీ ఉన్నాయి, ఆ పేజీలో ఆ తీర్పు లేదు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఇలా లేని తీర్పులు కోర్టుకు ఇచ్చిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడిందని చెబితే మావాడి మొహం వాడిపోయింది. ఒంటరిగా చదివేవాడికి అదే చిక్కు, తప్పు నేర్చుకున్నా ఆపేవాళ్లుండరు. అందుకే వరండాలో పక్కన ఒకరు కావాలి.

కాబట్టి అయ్యా, బార్ కౌన్సిళ్లు రేపు నిజంగా ఏదైనా పెడితే, హాల్లో కూర్చున్న గంటలే కాకుండా ఇలా చదివినవీ లెక్కలోకి తీసుకోవాలి. నేనైతే గంటలు కూడా అడగను. ఏడాదిలో నీ పాత కట్టలు ఎన్ని తిరగేశావు, వాటిలో ఏం దొరికింది అని ఒక నోటుబుక్కు చూపించమంటాను. పక్క ప్లీడరు దాని మీద సంతకం చేయాలి. అబద్ధాలు రాస్తారంటారా? రాస్తారు. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ కూడా అబద్ధమే కదా.

మీతో కూడా ఒక పని ఉంది. మీ పత్రికలో మోసం కేసంటే ఇంకా 420 అనే పడుతోంది. తిట్టుగా అది ఎప్పటికీ పోదు, "త్రీ ఎయిటీన్ గాడు" అని ఎవడూ అనడు, దానికేం అభ్యంతరం లేదు. వార్తలో మాత్రం కొత్త కేసైతే న్యాయ సంహిత 318 అని వేయండి. పల్లెల్లో మీ పేపరు చూపించి మమ్మల్ని నిలదీస్తున్నారు. వీలైతే వారానికి అర కాలమ్, మామూలు తెలుగులో, ఆ వారం వచ్చిన తీర్పు ఒకటి. ఎవరు బయటికి రావచ్చు, ఎవరికి ఏ గడువు అన్నట్టుగా రాయించండి. 2024 ఆగస్టు ఆఖరి వారంలో అలాంటిది పడి ఉంటే, నా కన్నా ముందు ఆ తల్లికి ఎవరో ఒకరు చదివి వినిపించి ఉండేవారు.

ఈ ఆదివారం మేం చదవబోయేది నాగరిక్ సురక్షా సంహితలో 105, సోదా చేసేటప్పుడు వీడియో తీయాలన్న సెక్షన్. నా స్నేహితుడు గంజాయి కేసు కట్ట తెస్తానన్నారు. ఆ కట్టలో వీడియో లేదు, ఎందుకు లేదో చూడాలి.

ఇట్లు,
ఒక న్యాయవాది,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.
(క్లయింటు ఎవరో తెలిసిపోకుండా ఉండడానికి నా పేరు వేయవద్దని మనవి.)